కొమురమ్మ గంబూట్లు

అరవై రెండో సంవత్సరం, వానాకాలం. నల్లగొండ బజారులో నేను చెప్పుల దుకాణం పెట్టి అప్పటికి కొన్నేళ్లయింది. చెప్పుల వ్యాపారి అంటే గల్లాపెట్టె దగ్గర కూర్చునే మనిషి అనుకుంటారు. నేను మాత్రం రోజంతా చిన్న పీట మీద కూర్చుని ఊరందరి కాళ్లూ పట్టుకునేవాణ్ణి. కాలు చూసి సైజు చెప్పడంలో నన్ను మించినవాడు జిల్లాలో లేడని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఇప్పటికీ ఉంది. ఇప్పుడు చెప్పబోయే సంగతిలో కూడా సైజు తప్పలేదు. ఈ మాట ముందే చెప్పిపెడుతున్నాను, ఎందుకంటే అది జరిగిన పల్లెలో ఇంకోలా చెప్పుకుంటారు.

నందికొండలో డ్యాం పని మొదలయ్యాక మా దుకాణాలకు కొత్త సరుకు వచ్చింది. అదే గంబూటు. మోకాలి దాకా వచ్చే రబ్బరు బూటు. ఎక్కడా కుట్టు ఉండదు కాబట్టి నీళ్లు దిగే సందు లేదు. ఓవర్‌సీర్లు, కాంట్రాక్టర్ల మనుషులు వచ్చి కొనుక్కుపోయేవారు. పల్లెల్లో గొర్లు కాసేవాళ్లు మాత్రం కిర్రుచెప్పులే వేసేవారు. నడుస్తుంటే కిర్రు కిర్రుమని చప్పుడు చేసే మందపాటి తోలు చెప్పులవి. ఎండాకాలం ముళ్లకూ రాళ్లకూ వాటిని మించినవి లేవు. వాన పడితే మాత్రం నాని, కుట్లు తెగి, రెండు వారాలకే దేనికీ కొరగాకుండా పోతాయి.

ఆ వానాకాలంలోనే ఒక మధ్యాహ్నం కొమురమ్మ వచ్చింది. పానగల్ అవతలి పల్లె. యాభై దాటిన మనిషి, భర్త లేడు, మందను తనే కాసుకుంటుంది. భుజాన గొంగడి, చేతిలో కర్ర. వెంట మోతి అనే కుక్క. మోతి సరిగ్గా గుమ్మంలో పడుకుంది. దాన్ని దాటి లోపలికి వచ్చే ధైర్యం మరే గిరాకీకీ లేకపోయింది.

"సేటూ, నీళ్లు సొరని చెప్పులున్నయా?"

"ఉన్నయి పెద్దమ్మా. ఎవరికి?"

"నాకే. దవాఖానల డాక్టరు నెల దినాలు కాళ్లకు బురద తాకొద్దన్నడు. నన్నైతే ఆపిండు. గొర్లకెవ్వలు చెప్పాలె, బురదల నడువొద్దని?"

కాళ్లు చూశాను. తడిలో నానీ నానీ వేళ్ల సందులు ఒరిసి పుండ్లు పడ్డాయి. మడమలు పగిలి ఉన్నాయి. ఆ కాళ్లతోనే పానగల్ అవతలి నుంచి నడిచి వచ్చింది.

నొప్పి గురించి ఆమె ఒక్క మాట అనలేదు. ఆమె బాధంతా బోనం గురించి. శ్రావణంలో వాళ్ల ఊళ్లో ముత్యాలమ్మ పండుగ. అన్నం కుండను పసుపు కుంకుమలతో, వేపాకుతో అలంకరించి, పైన దీపం పెట్టి, ఆడవాళ్లు నెత్తిన ఎత్తుకుని అమ్మవారి దగ్గరికి పోతారు. ఆ వరసలో మొదట నడిచే మనిషి కొమురమ్మ. నిజానికి ముందు బోనం పెద్ద కోడలిది, అంటే ఆమె యారాలు లచ్చమ్మది. తోటికోడలిని మా వైపు యారాలు అంటాం. ఒక ఏడు లచ్చమ్మ జ్వరంతో లేవలేకపోతే అత్త ఆ కుండను చిన్న కోడలి నెత్తిన పెట్టింది. అంతే, మళ్లీ వెనక్కి పోలేదు. ఒక్కసారి నెత్తి మారితే మారినట్టేనని కొమురమ్మ కన్నా బాగా తెలిసినవాళ్లు ఆ ఊళ్లో లేరు.

"కాళ్లు మానకుంటె నడువలేను. నడువకుంటె లచ్చమ్మక్క ఎత్తుకుంటది. ఎత్తుకుంటె ఇగ దించదు," అంది. "నేను దించిన్నా?"

నా దగ్గర ఆమెకు సరిపోయే గంబూట్ల జత ఒకటి ఉంది. ఓవర్‌సీర్ల కాళ్లకు చిన్నదై మిగిలింది. ఫిట్టింగ్ గురించి ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. వేళ్ల ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. ఇన్‌స్టెప్, అంటే పాదం మీద ఎత్తుగా ఉండే భాగం, అక్కడ మాత్రం బిగువుగా పట్టాలి. బురదలో వదులు బూటు వేసుకుంటే కాలు బయటికి వస్తుంది, బూటు బురదలోనే ఉంటుంది. కొమురమ్మ ఇన్‌స్టెప్ మీద ఆ బూటు పట్టిన తీరు చూస్తే, కొలిచి చేయించినట్టే ఉంది.

ఆమెకు నా మాట మీద నమ్మకం కుదరలేదు. ఒక బూటు విప్పించి, చెంబెడు నీళ్లు అందులో పోయించింది. ఎత్తి పట్టుకుని కింద తడిమి చూసింది. చుక్క కారలేదు.

"మంచిగున్నది. మరి లోపల వడ్డ నీళ్లు బయటికెట్ల పోతయి?"

"లోపలికెట్ల పడ్తయి పెద్దమ్మా, మోకాలి దాక ఉన్నది గద."

"వాన పడేది పైనుంచి గద సేటూ."

ఇన్నేళ్ల వ్యాపారంలో ఎవరూ వేయని ప్రశ్న. నేను దగ్గి, నీళ్లు వంపేసి, ఇంకోసారి తొడిగి చూడమన్నాను. తడి బూటులోకి కాలు జర్రున జారింది, జర్రున బయటికీ వచ్చింది. బేరం అయిపోయింది. కొమురమ్మ బూట్లు రెండూ కర్రకు తగిలించుకుని, కర్ర భుజాన వేసుకుని, ఉత్త కాళ్లతో బురదలోకి దిగింది.

"తొడుక్కో పెద్దమ్మా," అని అరిచాను.

"కొత్తయి. గీ బురదల ఎట్ల తొడుగుత?" అంటూ వెళ్లిపోయింది.

వారం తర్వాత మళ్లీ వచ్చింది. ఈసారి గుమ్మంలోనే ఆగి, బూట్లు నా ముందు పెట్టింది.

"నా కుక్క నన్ను గుర్తుపడ్తలేదు."

విషయం ఏమిటంటే, మోతి ఇన్నేళ్లూ ఆమెను కిర్రుచెప్పుల చప్పుడుతోనే పోల్చుకునేది. ఇప్పుడు బుడుక్ బుడుక్‌మని రబ్బరు వాసనతో ఎవరో వస్తుంటే మందకు అడ్డం నిలబడి మొరుగుతుందట. కుక్క మొరిగితే గొర్లు చెల్లాచెదురు. ఆమె పొద్దుమాపు గొర్లను ఏరుకోవడంతోనే గడిచిపోతోంది. బూట్లు విప్పితే కుక్క కాళ్లు నాకుతుంది, తొడిగితే పళ్లు చూపిస్తుంది.

కుక్కల గురించి నాకు ఏమీ తెలియదు. కానీ గిరాకీ ముందు తెలియదనడం మా వృత్తిలో లేదు. "బూట్లను గొర్ల దొడ్డిల పెట్టు. గొర్ల వాసన పడితె అదే గుర్తుపడ్తది," అని గంభీరంగా చెప్పాను.

అది అవసరాన్ని మించి పనిచేసింది. పది రోజుల తర్వాత కొమురమ్మ సంత పని మీద వచ్చి చెప్పింది, మోతి ఇప్పుడు బూట్ల మీద గడ్డం ఆనించి పడుకుంటుందట. ఎవరైనా వాటిని ముట్టుకుంటే గుర్రుమంటుందట. ఆమె తొడుక్కోబోయినా ఒక్కోసారి ఆలోచించి గానీ ఇవ్వదట. కాళ్లు మాత్రం చాపి చూపించింది. పుండ్లు ఎండి, కొత్త చర్మం వచ్చింది. నాకు నిజంగా సంతోషమైంది.

"పండుగకు రా సేటూ. ఇంటి కాడి నుంచి అమ్మ గుడి ముందటి గీత దాక బూట్లతోనే నడుస్త. కాళ్లు మళ్ల బురదల నానితె ఎట్ల? బైండ్లాయన ఒప్పుకున్నడు. గీత కాడ ఇడిసి లోపలికి పోవుడే."

బైండ్లాయన అంటే అమ్మవారి పూజారి. ఒప్పుకోవడానికి ఆయనకు రెండు రోజులు పట్టిందట. తోలు కాదు, రబ్బరేనని ఆమె బూటు ఆయన ముక్కు కింద పెట్టి వాసన చూపించిందట. ఆ వాసనకే ఒప్పుకుని ఉంటాడని నా అనుమానం.

నేను వెళ్లాను. భక్తి కొంత, వ్యాపారం కొంత. ఊరంతా చూస్తుండగా నా దుకాణం బూట్లు ముందు బోనంతో నడుస్తాయంటే ఎవరు పోకుండా ఉంటారు? ఇస్త్రీ ధోవతి కట్టి, మెరిసే తోలు షూ వేసుకుని, జేబులో షూహార్న్ పెట్టుకున్నాను. షూ తొడిగేటప్పుడు మడమ వెనక పెట్టే రేకు గరిట అది. ఊరు మొదట్లోనే నల్లరేగడి నా షూను మడమ దాకా మింగింది. నీళ్లు రాని చెప్పుల వ్యాపారి తన షూ రెండూ చేత పట్టుకుని, ఉత్త కాళ్లతో పండుగలో అడుగుపెట్టాడు.

డప్పుల మధ్య బోనాలు బయలుదేరాయి. సన్నగా తుంపర. కొమురమ్మ కుండ మీద చేయి కూడా ఆనించకుండా, నిటారుగా, గంబూట్లతో బుడుక్ బుడుక్‌మని నడుస్తుంటే నేను పక్కవాళ్లకు ఆ బూట్లు ఎక్కడివో చెబుతూ వెనకే నడిచాను. ఆమె పక్కన మోతి. గుడి ముందు పసుపుతో గీసిన గీత దగ్గర ఇత్తడి బిందె పట్టుకుని లచ్చమ్మ నిలబడి ఉంది. ముందు బోనం గీత దగ్గరికి వచ్చినప్పుడు ఆ మనిషి కాళ్ల మీద పసుపునీళ్లు పోసి లోపలికి పంపడం ఆ ఇంటి రెండో కోడలి వంతు. పెద్ద కోడలై ఉండీ ఇన్నేళ్లుగా లచ్చమ్మే పోస్తోంది.

కొమురమ్మ గీత దగ్గర ఆగి కాలు ఎత్తింది. పక్కనున్న అతను బూటు పట్టి లాగాడు. రాలేదు.

ఇంకొకతను వచ్చాడు. ఇద్దరూ లాగారు. కొమురమ్మ ఊగింది, దీపం ఊగింది. వెనకున్న ఆడవాళ్లు ఆమె భుజాలు పట్టుకున్నారు. ఇంతలో ఎవరో బూట్లు ఎత్తుకుపోతున్నారని మోతికి అర్థమైంది. మొదటతని పంచె కొంగు దాని నోట్లో ఉంది. అతను బూటు వదిలాడు, మోతి పంచె వదల్లేదు. డప్పులు ఆగిపోయాయి.

కారణం నాకు తెలుసు. దూరం నడిచిన కాలు ఉబ్బుతుంది, చెమట పడుతుంది. బిగువైన రబ్బరులో గాలి పోయే దారి లేక పాదం పట్టేసుకుంటుంది. దీన్ని సక్షన్ అంటారు. కూర్చున్న మనిషి అయితే అటూ ఇటూ మెలితిప్పి తీయవచ్చు. నెత్తిన దీపంతో ఉన్న మనిషి కూర్చోలేదు, వంగలేదు, కిందికి కూడా చూడలేదు. కుండ దించితే నెత్తి మారుతుంది. కారణం తెలిసింది కాబట్టి నేను మెల్లగా డప్పులవాళ్ల వెనక్కి జరిగాను.

"నల్లగొండ సేటు యాడున్నడు?" అంది కొమురమ్మ, ఎదురుగా అమ్మవారినే చూస్తూ. "అమ్మినోడే ఇడిపియ్యాలె."

జనం నన్ను ముందుకు తోశారు. ధోవతి ఎగ్గట్టి బురదలో మోకాళ్ల మీద కూర్చున్నాను. షూహార్న్ తీశాను. విప్పడానికి అది ఎందుకూ పనికిరాదు, అయినా చేతిలో ఏదో ఒక పనిముట్టు ఉంటే ధైర్యం. మోతి నా చెవి దగ్గర గుర్రుమంటోంది. అప్పుడు నాకు దుకాణంలో తడి బూటు జర్రున జారిన సంగతి గుర్తుకొచ్చింది.

"లచ్చమ్మా, నీ బిందెల నీళ్లు బూట్లల్ల పొయ్యాలె."

"గివి కాళ్ల మీద పోసే నీళ్లు. బూట్లల్ల పోసేటియి కావు."

బైండ్లాయన గొంతు సవరించుకున్నాడు. "కాళ్లు యాడుంటె ఆడనే పొయ్యి లచ్చమ్మా."

లచ్చమ్మ కదల్లేదు. ఆమె ఏమీ చేయనక్కరలేదు. ఊరికే నిలబడితే చాలు, ఎన్నో ఏళ్ల కిందట పోయిన బోనం దానంతట అదే ఆమె నెత్తి మీదికి వస్తుంది. అక్కడున్న వాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. తుంపర కుండ మీద పడుతోంది.

"అక్కా," అంది కొమురమ్మ. అంతవరకూ ఆమె నోట అంత మెత్తటి మాట నేను వినలేదు.

"నడిమిట్ల ఆగిన బోనం నాకొద్దు," అంది లచ్చమ్మ. "ఇచ్చిననాడు తీసుకుంట." బిందె వంచింది.

ఆమె ఆ నీళ్లను తృప్తిగా పోసింది. ఇన్నేళ్ల లెక్క అంతా ఆ పోతలో ఉందనిపించింది. "సల్లగున్నయే," అని కొమురమ్మ పళ్లు కొరికింది. నేను బూటు వెనక వేళ్లు దూర్చి లాగాను. బుడుక్‌మని కాలు వచ్చేసింది. నేను వెల్లకిలా బురదలో పడ్డాను, బూటులోని పసుపునీళ్లన్నీ నా ముఖాన పడ్డాయి. లోపలి నీళ్లు బయటికి ఎట్ల పోతాయని ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు అప్పుడు దొరికింది.

రెండో బూటు కూడా అట్లాగే వచ్చింది. డప్పులు మళ్లీ మోగాయి. పసుపు తడితో మెరుస్తున్న పాదాలతో, ఎక్కడా పుండు లేని పాదాలతో, కొమురమ్మ గీత దాటింది. బురదలో కూర్చునే చూశాను. నాకు ఏడుపు వచ్చింది. ముఖం నిండా పసుపునీళ్లు ఉండటం వల్ల ఎవరికీ తెలియలేదు.

మోతి బూట్ల పక్కనే కూర్చుంది. అది చూసి జనం తమ చెప్పులు కూడా దాని చుట్టూ విడిచారు. ఆ పండుగలో ఎవరి చెప్పులూ పోలేదు.

ఆ తర్వాత గిరాకీ ఎవరొచ్చినా నా మొదటి ప్రశ్న మారింది. ఎక్కడ నడుస్తారని కాదు, ఎక్కడెక్కడ విడుస్తారని అడుగుతాను. మన మనిషి ఇంటి గడపలో విడుస్తాడు, గుడి ముందు విడుస్తాడు, కల్లంలో విడుస్తాడు, పెద్దలు ఎదురైతే విడుస్తాడు. నీళ్లు లోపలికి రాకపోవడం సగం పనే, కాలు బయటికి రావడం మిగతా సగం. గంబూటు అడిగితే ఒక సైజు పెద్దది ఇచ్చి, మందపాటి ఊలు సాక్సు జత కలిపి ఇవ్వడం అలవాటు చేసుకున్నాను. బురదలో బూటు నిలుస్తుంది, గీత దగ్గర కాలు సాక్సుతో పాటు జారి వస్తుంది. అయినా సరే, ఆనాటి సైజు సరైనదే.

రెండు వానాకాలాలు గడిచాయి. శ్రావణం ముందర ఒక రోజు మోతి వచ్చి గుమ్మంలో పడుకుంది. వెనక కొమురమ్మ, ఆమె వెనక లచ్చమ్మ.

"అక్కకు బూట్లు గావాలె సేటూ," అంది కొమురమ్మ. "గీ యేడు ముందు బోనం ఆమెది."

నేను ఇద్దరి ముఖాలూ చూశాను. "ఎందుకు, నీ కాళ్లకేమైంది?"

"ఏం గాలే, మంచిగున్నయి. గందుకే ఇప్పుడిస్తున్న. కాళ్లు చాతగాని నాడు ఇస్తె అది ఇచ్చినట్ల?"

లచ్చమ్మ లోపలికి వచ్చింది. పీట మీద కూర్చుని కాలు ముందుకు చాపింది. నేను ఒక సైజు పెద్దది తీశాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, గీత దగ్గర తొందరగా ఊడుతుందా అని అడిగింది.

"ఊడకుంటె ఫికర్ చెయ్యకు అక్కా," అంది కొమురమ్మ. "గీయేడు నీళ్లు పోసేది నేనే. సల్లటియే పోస్త."