తెర మీద నిలబడిన వకీలు

ఫిబ్రవరి, ఆదివారం సాయంత్రం, నల్లగొండ. ఉన్నవాళ్లు: ఇంట్లో నేను, నా భార్య సుగుణ, లాప్‌టాప్ తెర మీద కొల్లాపూర్ నుంచి నా కేసు వాదించిన వకీలు రేణుక మేడం తల్లి, హైదరాబాద్ నుంచి మేడం దగ్గర పనిచేసిన ఇద్దరు వకీళ్లు. మేడం పోయి ఏడాది అయింది. ఆమెను తలచుకుని తలా నాలుగు మాటలు చెప్పుకుందామని కలిశాం.

ఎవరైనా మీటింగులోకి వచ్చినప్పుడల్లా లాప్‌టాప్ టింగుమంటుంది. ఆ చప్పుడు వింటే ఇప్పటికీ నా చేయి చొక్కా పైగుండీ దగ్గరికి పోతుంది. కరోనాతో కోర్టులు తెర మీదికి వచ్చిన రోజుల్లో, కేసు మొదలవుతోందని నాకు ఆ చప్పుడే చెప్పేది.

నేను ఒక సహకార సంఘంలో మేనేజరుగా చేసి రిటైరయ్యాను. ఆ తర్వాత, నా హయాంలో దొంగ పట్టాల మీద అప్పులిచ్చారని కేసయింది. పట్టాలు పుట్టించింది వేరేవాళ్లు. చివరి సంతకం మాత్రం నాది. నేరం రుజువైతే ఈ వయసులో జైలు. కత్తీ కర్రా లేకుండా కాగితాల మీద నడిచే ఇలాంటి కేసుల్లో ముద్దాయిల తరఫున వాదించడమే రేణుక మేడం పని. కోర్టులు మూతపడినప్పుడు ఆమె హైదరాబాద్ వదిలి కొల్లాపూర్‌లో తల్లి దగ్గరికి వచ్చి, ఆ ఇంటి ముందుగదిలోంచే వాదించసాగారు. ఆమెను నేను ఎదురుగా చూసింది లేదు. నాకు తెలిసిందల్లా తెరలో కనిపించే నల్లకోటు, తెల్లపట్టీ, ముఖం.

ఆమె ఎప్పుడూ నిలబడే ఉండేవారు. ఒకసారి ఉండబట్టలేక అన్నాను.

“కూసోండ్రి మేడం, జడ్జి సాబ్ ఇంకా రాలే గదా.”

“కూసుంటే నా మాట గూడ కూసుంటది సార్.”

లాప్‌టాప్‌ను బియ్యం డ్రమ్ము మీద పెట్టుకునేవారట. వెనకనుంచి గిన్నెల చప్పుడు వస్తే, “అమ్మా, జర ఆగు, కోర్టు నడుస్తాంది!” అని కేక వేసేవారు.

సాక్షుల విచారణ అయ్యాక జడ్జి ముద్దాయినే స్వయంగా ప్రశ్నలు అడుగుతారు. వాటికి ముద్దాయే జవాబివ్వాలి, వకీలు అందించకూడదు. దానికి ముందు ఆమె నన్ను తెర ముందు కూర్చోబెట్టి, తానే జడ్జిలా అడిగారు.

“ఈ సంతకం మీదేనా?”

“నాదే మేడం, తప్పయింది.”

ఆమె కాగితాలు పక్కన పెట్టారు. “ఏం తప్పయింది?”

“ఏం లేదు మేడం. ఊకె నోట్లకెళ్లి వచ్చింది.”

“ఊకె వచ్చిందే రికార్డుల కెక్కుతది. గప్పుడు నేనేం చేయాలె?”

మళ్లీ అడిగారు. మళ్లీ అదే మాట. నా పక్కనే చాయ్ పోస్తున్న సుగుణ కలగజేసుకుంది.

“గాయన గంతే మేడం. చాయ్‌ల నేను చక్కెర మర్చిపోయినా గాయనే తప్పయిందంటడు.”

మేడం నవ్వి, తర్వాత నెమ్మదిగా అడిగారు. “ఎక్కడ నేర్చిన్రు సార్ గీ మాట?”

మా ఊరు మర్రిగూడలో నా బాపు కూలికి పోయేవాడు. దొర మనిషి వచ్చి పిలిస్తే, ఎందుకు పిలిచారో తెలియకముందే భుజం మీది తువ్వాల నడుముకు చుట్టి “తప్పయింది దొరా” అనేవాడు. నేను చదువుకున్నాను, కుర్చీలో కూర్చున్నాను, పెద్ద అధికారుల ముందు నిలబడ్డాను. ఆ మాట మాత్రం నాతోనే వచ్చింది. అదంతా ఆమెకు చెప్పాను.

“మీ బాపు గట్ల అనకుంటే దెబ్బలు పడేటియేమో. గా మాట ఆయనను కాపాడింది,” అన్నారు. “మిమ్మల్ని మాత్రం జైలుకు పంపుతది. సంతకం నాదే అనుండ్రి. తెలిసింది చెప్పుండ్రి. గక్కడ ఆగుండ్రి.” ఆ వెంటనే సుగుణతో, “అమ్మా, ఇంట్ల గా మాట వినవడ్తే ‘ఏం తప్పు?’ అని అడుగు. ఇడిచిపెట్టకు,” అన్నారు.

సుగుణ విడిచిపెట్టలేదు. పాలవాడి ముందూ అడిగింది, చుట్టాల ముందూ అడిగింది.

విచారణ రోజు జడ్జి గారు అదే అడిగారు. నేను నిలబడ్డాను. నోరు తెరవగానే ఆ మాట నాలుక మీదికి వచ్చేసింది. మేడం ఉన్న గడి వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు, తల వంచి కాగితాలే చూసుకుంటున్నారు.

“సంతకం నాదే సార్. నా ముందుకు వచ్చేటప్పటికి కింది ఆఫీసరు తనిఖీ చేసినట్టు రాసి ఉంది. అవి దొంగ పట్టాలని నాకు తెలియదు.”

“ఇంకేమైనా చెబుతారా?”

“లేదు సార్.”

తర్వాత ఫోన్‌లో నిష్ఠూరంగా అడిగాను. “గంత కష్టంల ఉంటే నా దిక్కు చూడకపోతిరి?”

“చూస్తే నేను చెప్పిస్తున్న అనుకుంటరు. అయినా, నేను చూడకున్నా మీరు చెప్తరని తెలుసు.”

కొన్ని నెలలకు నేను నిర్దోషినని తీర్పు వచ్చింది. కొల్లాపూర్ వెళ్లి కలవాలని అనుకుంటూనే ఉన్నాను. అంతలోనే జబ్బు ఆమెను తీసుకుపోయింది.

సంస్మరణలో నా వంతు రాగానే లేచి నిలబడ్డాను.

“తెరల నీ బొజ్జ ఒక్కటే కనవడ్తాంది, కూసో!” అంది సుగుణ.

అటునుంచి మేడం తల్లి కన్నీళ్లలోనే నవ్వారు. “నా బిడ్డకు బియ్యం డ్రమ్ము ఉండె, నీకు లేకపాయె. కూసో తమ్మీ.”

నేను కూర్చోలేదు. సుగుణే లాప్‌టాప్‌ను రెండు చేతులా పైకెత్తి పట్టుకుంది. నా నాలుగు మాటలూ అట్లాగే చెప్పాను.

మరునాడు పొద్దున వంటింట్లో కూర్చుని ఇదంతా డైరీలో రాస్తున్నాను. పొయ్యి మీద పాలు చూడమని చెప్పి సుగుణ వాకిట్లోకి వెళ్లింది. రాతలో పడి మరిచిపోయాను. మాడు వాసన వచ్చి తలెత్తేసరికి పాలు పొంగి గట్టంతా పారుతున్నాయి.

“తప్పయింది,” అన్నాను.

“ఏం తప్పు?” సుగుణ అలవాటుగా వాకిట్లోంచే అడిగింది.

“పాలు పొంగిచ్చిన.”

ఆమె లోపలికి వచ్చి గట్టును చూసింది, నన్ను చూసింది. తుడుచుకోమని పాతగుడ్డ నా చేతిలో పెట్టింది.

“గీ తప్పు నీదే,” అంది.