గంపలున్న చోట ఆగని బస్సు

రిటైరవడానికి మూడేళ్ళ ముందు, మార్చి నెలలో, విజయనగరం జిల్లాలోని ఒక బస్సు డిపోకి ట్రాఫిక్ విభాగం అసిస్టెంట్ మేనేజరుగా బదిలీ మీద వెళ్ళాను. డిపో పేరు చెప్పను. అక్కడి డ్రైవర్లు కొందరు ఇప్పటికీ పండక్కి ఫోన్ చేస్తుంటారు.

చేరిన వారంలోనే పోలమ్మ వచ్చింది. సముద్రం ఒడ్డు ఊరి మనిషి. తెల్లారే వలల దగ్గర చేపలు కొని విజయనగరం మార్కెట్లో అమ్ముతుంది. "ఆరున్నర బస్సు మా గంపలు సూసి ఆగదు బాబూ. ఆటో కోసం కూకుంటే ఎండెక్కిపోతాది, సేప మెత్తబడిపోతాది. మెత్తబడిన సేప ఎవుడు కొంతాడు?" అని నిలదీసింది.

వాళ్ళది రిక్వెస్ట్ స్టాపు. అంటే, మనిషి లేకపోతే ఆపనక్కర్లేదు, ఉండి చెయ్యెత్తితే ఆపి తీరాలి. పైన గుడ్డ కట్టి, నీళ్ళు కారకుండా ఉంటే, లగేజీ టికెట్టు కొట్టి గంపనీ ఎక్కించుకోవాలి. ఆ బస్సు డ్రైవరు అప్పలనాయుణ్ణి పిలిచి అడిగాను. "అమ్మతోడు సార్! మనిసి కనబడితే ఆపకుండా ఎప్పుడూ ఎల్నేదు" అని ఒట్టు పెట్టుకున్నాడు.

మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎవరికీ చెప్పకుండా ఆ స్టాపుకెళ్ళి, గంపలతో ఉన్న ఆడవాళ్ళ మధ్య నిలబడ్డాను. బస్సొచ్చింది. దర్జాగా చెయ్యెత్తాను. గంపలు కనబడగానే అప్పలనాయుడు వేగం పెంచాడు. దుమ్మంతా నా చొక్కా మీదే పడింది. ఒళ్ళు మండిపోయింది.

"ఏటి బాబూ, మీకూ ఆపనేదా?" అని పోలమ్మ పడీపడీ నవ్వింది. అంతలో దూరంగా ఇంకో బస్సు కనబడింది. గంపలు చూస్తే అదీ ఆగదట. "ఒసే, గంపలట్టుకుని తుప్పల ఎనక్కి పొండే! బాబొక్కరే నిలబడతారు" అని ఆజ్ఞ జారీ చేసింది. అధికారినైనా, గాలానికి ఎర అయ్యాను.

బస్సు సరిగ్గా నా కాళ్ళ దగ్గర ఆగింది. కండక్టరు "రండి సార్" అని మర్యాదగా పిలిచాడు. నేను మెట్టు మీద కాలు పెట్టేలోగా తుప్పల్లోంచి ఆడవాళ్ళంతా గంపలతో వచ్చి నన్ను తోసుకుంటూ ఎక్కేశారు. అరవబోయిన కండక్టరు నేను తీసి చూపిన గుర్తింపు కార్డు చూసి నోరు మూసుకున్నాడు. ఆ రోజు పోలమ్మ చేపలు ఎండెక్కకముందే మార్కెట్టు చేరాయి.

డిపోలో అప్పలనాయుణ్ణి నిలదీశాను. "ఒట్టు సార్, నాకు గంపలే కనబడ్డాయి. మనిసి కనబడనేదు" అన్నాడు. నాకు కోపమూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. అబద్ధమాడుతున్నాడని మాత్రం అనిపించలేదు. వాసనకి ప్రయాణికులు తిట్టేది ముందు సిబ్బందినే కదా. గంపలకి వెనక వరస సీట్ల ముందు చోటు ఇప్పించి, నెల్లాళ్ళు అతణ్ణి అదే సర్వీసుకి వేశాను. రోజూ ఆపాడో లేదో పోలమ్మ ఫోన్ చేసి చెప్పేది.

ఇస్త్రీ చొక్కాకి బస్సు ఆగితే సర్వీసు బాగున్నట్టు కాదని అప్పుడు తెలిసింది. పోలమ్మనడిగి ఒక పాత గంప తెచ్చుకున్నాను. రిటైరయ్యేదాకా ఏ స్టాపు తనిఖీకి వెళ్ళినా దాన్ని పక్కన పెట్టుకునే చెయ్యెత్తాను.