ఆదివారం నాలుగింటికి ఒక పిలుపు

ముప్పై ఒక్క ఏళ్లు లిఫ్టులు బాగుచేసిన ఆయన్ని మాస్టారూ అని పిలిచే మనిషి ఒక్కతే ఉంది. కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీసే అమ్మాయి. మిగతా ఊరికి ఆయన లిఫ్టాయనే, అదీ ఎదురుపడితే పక్క సందులోకి తప్పుకోవలసిన లిఫ్టాయన. ఆయన జేబునిండా కాగితాలుండేవి. "హామ్ రేడియో నేర్చుకోండి. సొంత రేడియో సెట్టులోంచి మీరు పిలిస్తే ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు పలుకుతారు" అని సొంత చేత్తో రాసి జిరాక్సు తీయించినవి. మంగలి షాపులో సగం గడ్డం గీసి ఉన్నవాళ్లకి కూడా ఇచ్చేవాడు, వాళ్లు లేచి పారిపోలేరు కదా అని. జేబులో ఫోను పెట్టుకు తిరిగే జనానికి ఈ మాట చెవికెక్కుతుందా? ఎక్కలేదు.

లైబ్రరీ మేడ మీద హామ్ రేడియో క్లబ్బు గది. ఒకప్పుడు పదిహేడు మంది ఇరుక్కుని కూర్చునేవారు. కొందరు పోయారు, కొందరికి వినికిడి పోయింది. చివరగా ఫొటో స్టూడియో ఆయన పోయాక లిఫ్టాయన ఒక్కడూ మిగిలాడు. లైబ్రేరియన్ మంచివాడే, కానీ ఎన్నాళ్లని ఓర్చుకుంటాడు?

"వచ్చే నెలాఖరుకి క్లబ్బు రిజిస్టర్లో లైసెన్సున్న రెండో మనిషి సంతకం కావాలండీ. లేకపోతే గది పిల్లల పుస్తకాలకి ఇచ్చేస్తాను. పైన ఆ ఏరియల్ తీగ కూడా మీరే తీసేయాలి" అన్నాడు.

ఆ రెండో మనిషి ఈ అమ్మాయి అవుతుందని ఆయన గంపెడాశ పెట్టుకున్నాడు. అప్పటికే ఏడాదిగా ఆమెకి మోర్సు, అంటే చుక్కలూ గీతలుగా మాటలు కొట్టే పద్ధతి, నేర్పుతున్నాడు. చుక్క, గీత, చుక్క. ఒక మాట కొట్టి, ఆమె రాసుకునేదాకా ఆగి, ఇంకో మాట కొట్టేవాడు. పరీక్ష పాసయింది, లైసెన్సు వచ్చింది. కానీ సంతకం దగ్గర పేచీ పెట్టింది.

"బయటివాళ్లు ఒక్కరు పలికితే పెడతాను మాస్టారూ. మీతో మాట్లాడ్డానికైతే ఈ పెట్టెలెందుకు, మెట్లెక్కి వస్తే సరిపోదూ?"

న్యాయమైన మాటే. ఆయన రాసిన కాగితాన్ని నమ్మి వచ్చిన పిల్ల మరి.

ప్రతి ఆదివారం నాలుగింటికి ఆమె క్లబ్బు గదిలోంచి మోర్సులో పిలిచేది: ఎవరైనా ఉన్నారా, ఎవరైనా ఉన్నారా. పాత సెట్టు బలం అంతంత మాత్రం. చుట్టూ లేచిన మేడల్లోని దీపాలూ మోటార్లూ చేసే గోలే చెవుల్లో బుస్సుమనేది. అయిదు ఆదివారాలు ఎవరూ పలకలేదు. ఆమె కళ్లలోకి చూడాలంటే ఆయనకి సిగ్గేసింది.

గడువు నెలలో ఆఖరి ఆదివారం జ్వరమని కబురు పంపాడు. గది తాళం ఆమె దగ్గర ఉంది. ఆయన మాత్రం ఇంట్లో, బకెట్లూ చీపుళ్లూ పెట్టే కొట్టులో తన చిన్న సెట్టు ముందు కూర్చున్నాడు. భార్య వచ్చి నుదురు తాకి చూసింది.

"ఒళ్లు చల్లగా ఉంది. జ్వరమని చెప్పినప్పుడు కాసేపైనా పడుకోవాలండీ, మర్యాదకి" అని తలుపు దగ్గరికి వేసి వెళ్లింది.

నాలుగింటికి పిలుపు వచ్చింది. ఆయన సెట్టు బలం బాగా తగ్గించి, తన చేతి తీరు తెలిసిపోకుండా ఎడమ చేత్తో జవాబు కొట్టాడు. తన పేరుకి బదులు, పోయిన స్టూడియో ఆయనకి లైసెన్సుతోపాటు ప్రభుత్వం ఇచ్చిన పిలుపు గుర్తు వాడాడు. పోయినవాడి గుర్తు వాడటం తప్పున్నర తప్పని పాఠం చెప్పింది తనే. సముద్రం అవతలి ఊరినుంచి మాట్లాడుతున్నానన్నాడు, మీ సిగ్నల్ బాగుందన్నాడు. తరవాత ఆమె మెల్లగా కొట్టింది: "మా మాస్టారికి జ్వరం. మీరు పలికారని వింటే లేచి కూర్చుంటారు." ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సెలవు తీసుకుని సెట్టు ఆపేశాడు.

అయిదున్నరకి ఆమె ఇంటికి వచ్చింది. ఆయన దుప్పటి కప్పుకుని సిద్ధంగా ఉన్నాడు.

"ఎవరైనా పలికారా అమ్మాయ్?"

ఆమె తాళంచెవి బల్ల మీద పెట్టింది. "లేదు మాస్టారూ. ఎవరూ పలకలేదు. పలికినవాళ్లని రాసే పుస్తకంలో కూడా ఏమీ రాయలేదు."

ఆయన ఏమని అడుగుతాడు? నేను పలికానుగా అంటాడా?

మూడో రోజున మేడ మీద నిచ్చెన వేశారు. ఆమె షాపులో గంటసేపు సెలవడిగి వచ్చి నిచ్చెన కాళ్లు పట్టుకుంది. ఆయన తీగ విప్పుతున్నాడు. పదిహేడు మంది కలిసి కట్టిన తీగ అది. కింద లైబ్రేరియన్ మనుషులు బీరువాలు గదిలోకి మోస్తున్నారు.

"మీరేనని తెలిసింది ఎడమ చేత్తో కొట్టినందుకు కాదు మాస్టారూ, అది బాగానే కుదిరింది" అంది ఆమె, తల పైకెత్తకుండా. "ప్రతి మాటకీ ఆగారు. నేను రాసుకునేదాకా ఆగేవాళ్లు బయట ఎవరుంటారు?"

ఆయన తీగ కొస పట్టుకుని చుట్ట చుట్టసాగాడు.

"గబగబా కొడితే నీకు అందదేమోనని, అమ్మాయ్" అన్నాడు.

తీగ చుట్ట ఆమె చేతికందించి, ఒక్కొక్క మెట్టూ దిగాడు.