హిల్యా భుజానికి సరిపడ్డ తుపాకీ

హిల్యాకి పన్నెండేళ్ళప్పుడు మెడ కింద అడ్డంగా ఉండే ఎముక విరిగింది. విరగ్గొట్టింది తుపాకీ. దాన్ని ఆమె చేతికిచ్చి నిలబెట్టినవాడు కన్నతండ్రి ఊర్హో.

అమెరికాలో సుపీరియర్ సరస్సుకి దక్షిణాన, ఎగువ మిషిగన్ అడవుల్లో ఫిన్లాండ్ నుంచి వచ్చినవాళ్ళ ఊళ్ళవి. అక్కడ నవంబరు పదిహేనున జింకల వేట మొదలైతే బడికి కూడా తాళం పడేది. ఊర్హో కలప కోసే గుంపులకి మేస్త్రీ. మనిషి మాట కంటే చెయ్యి ముందు లేచేది. ఆ ఏడు సెప్టెంబరులో కొడుకు టౌనోనీ, కూతురు హిల్యానీ ఊరవతలి కంకరగోతికి తీసుకువెళ్ళి తన రైఫిల్ ఇచ్చాడు. పద్నాలుగేళ్ళ టౌనో ఒంట్లో బలమున్నవాడు కాబట్టి పళ్ళు బిగించి కాల్చేశాడు. తర్వాత హిల్యా వంతు. ఆ తుపాకీ ఆరడుగుల మగవాడి చేతికి కొలిచి చేసింది. దాని వెనక చెక్క మడమ ఆమె భుజపు గుంటలో ఇమడక ఎముక మీద ఆనింది. ఊర్హో అది చూశాడు, సరిచెయ్యలేదు. కాల్చమన్నాడు.

కాల్చింది. పుల్ల విరిగినట్టు ఒంట్లోంచే ఒక చప్పుడు వినబడింది. బొటనవేలు వచ్చి ముక్కుకి కొట్టుకుంది. వెల్లకిలా పడి లేచేసరికి నోటినిండా రక్తం, చెయ్యి పైకి లేవడం లేదు. టౌనో కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు.

"లే. ఇంకా నాలుగున్నాయి" అన్నాడు తండ్రి.

విరిగిన ఎముక మీదే రెండో గుండు కాల్చించాడు. తుపాకీ కంకర మీద పడినందుకు చెంప పగలగొట్టాడు. తర్వాతిది ఆమెకి గుర్తులేదు. ఎముక వంకరగా అతికి, అక్కడ రేగుపండంత బుడిపె మిగిలింది.

హిల్యా పెరిగి పెద్దదయింది. బడి వంటశాలలో పనికి కుదిరింది. వైనో అనే నెమ్మదస్తుణ్ణి పెళ్ళాడింది. అతను ఏటా రెండు జింకలు తెచ్చేవాడు, ఆమె కోసి, ఎండబెట్టి, సీసాల్లో పట్టేది. తుపాకీ మాత్రం ముట్టేది కాదు. ఎక్కడో కాల్పు వినబడితే చాలు, ఆ భుజం దానంతటదే చెవి దగ్గరికి ముడుచుకునేది. "నిద్రలో కూడా అట్లాగే ముడుచుకుంటావే నువ్వు" అనేవాడు వైనో.

పెళ్ళయిన తొమ్మిదో ఏట, అక్టోబరులో, నరికిన చెట్టు పక్కకి దొర్లి వైనో నడుము మీద పడింది. ప్రాణం దక్కింది గాని నడుము దక్కలేదు. కిటికీ పక్క కుర్చీయే అతని లోకమైంది. ఇద్దరు పిల్లలు. ఆ ఊళ్ళో జింక పడని ఇంట్లో ఫిబ్రవరికల్లా బంగాళదుంపలూ ఉప్పూ మాత్రమే మిగులుతాయి. చెయ్యిచాచడం హిల్యాకి చేతకాదు. వైనో రైఫిల్ తీసుకుని అడవికి పోయింది.

ఆ మొదటి వేట ఆమె చచ్చేదాకా మరిచిపోలేదు. అరవై అడుగుల దూరంలో చిన్న కొమ్ముల పోతు జింక పక్కకి తిరిగి నిలబడింది. పసిపిల్లవాడు కూడా తప్పని గురి. మీట నొక్కే క్షణాన ఆమె కళ్ళు మూసుకుపోయాయి, భుజం వెనక్కి జరిగింది, గొట్టం పక్కకి ఊగింది. కళ్ళు తెరిచేసరికి జింక కింది దవడ సగం లేచిపోయి నాలుక వేలాడుతోంది. అరవడానికి దానికి నోరు లేదు. గాలి కొట్టినట్టు బుసబుసమంటూ పరుగెత్తింది.

మంచు మీద నెత్తుటి చుక్కలు పట్టుకుని నాలుగు గంటలు వెంటాడింది. వాగు దగ్గర అది దాహానికి నీళ్ళలో మూతి పెట్టి, తాగలేక, మళ్ళీ మళ్ళీ పెడుతోంది. ఆమె మరోసారి కాల్చింది, మళ్ళీ కళ్ళు మూసింది. ఈసారి వెనక కాలు విరిగింది. చివరికి నీళ్ళలోకి దిగి, కొమ్ము పట్టి తల వెనక్కి విరిచి, కత్తితో గొంతు కోసింది. అది తన్నిన తన్నుకి మోకాలి చిప్ప పగిలినంత పనైంది. వాగు ఎర్రబడుతుంటే నీళ్ళలో నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

మాంసం ఇంటికి వచ్చింది. ఆమె ముద్ద ముట్టలేదు.

సంగతి విని టౌనో వచ్చాడు. అప్పటికి అతను అచ్చం తండ్రి. అవే భుజాలు, అదే చెయ్యి. ఎద్దుని పడగొట్టే పెద్ద మాగ్నమ్ రైఫిల్ అతనిది. బల్ల దగ్గర కూర్చుని, ఆడవాళ్ళకి తేలిక తుపాకీ కావాలనీ, వైనోది మొయ్యలేకే అదంతా జరిగిందనీ తేల్చేశాడు. హిల్యా నమ్మింది. ఇనుప సామాన్ల కొట్లో వైనో తుపాకీ ఇచ్చి, ఆరు పౌన్లు కూడా లేని ఒక పొట్టి రైఫిల్ మార్చుకుని తెచ్చింది. మూడుసార్లు కాల్చేసరికి భుజం వంకాయ రంగుకి తిరిగింది. మునుపటి దానికంటే ఇదే గాడిదలా తన్నింది.

"నువ్వు తుపాకీకి పనికిరావే. ఉచ్చులు పెట్టి కుందేళ్ళని పట్టుకో" అన్నాడు టౌనో.

అప్పుడు వైనో ఆమెను సాకరి దగ్గరికి పంపాడు. సాకరి తుపాకులు బాగుచేసే ముసలాయన, ఎడమ చేతికి బొటనవేలు లేదు. ఇంటి వెనక కొట్టంలో ఆకురాయి చప్పుడు తప్ప మరో చప్పుడు ఉండేది కాదు. ఆమె ఏదో చెప్పబోతే వద్దన్నాడు. మార్చుకొచ్చిన ఆ పొట్టి తుపాకీలో తనే తూటాలు నింపి పెరట్లో నిలబెట్టాడు. రెండు పేలాయి. మూడోది పేలలేదు, కానీ ఆమె కళ్ళు మూసింది, భుజం ఎగిరింది, గొట్టం నేల చూసింది. మందు లేని ఉత్త తూటా అది. కావాలనే మధ్యలో పెట్టాడు. హిల్యా సిగ్గుతో చచ్చిపోయింది.

"నీ తప్పు కాదమ్మాయ్. ఎవడో నీకు దెబ్బ నేర్పాడు, కాల్చడం నేర్పలేదు" అన్నాడు సాకరి. తర్వాత తేలిక తుపాకీ సంగతి చెప్పాడు. "నిండు బండిని ఒక తోపు తోయి, ఖాళీ బండిని అంతే తోపు తోయి. ఏది దొర్లుద్ది? తుపాకీ బరువుంటే దెబ్బని అదే మింగుద్ది. లేకపోతే నీ ఎముక మింగుద్ది."

"మరి నా చేతికి బరువు ఆగుద్దా బాబాయ్?"

"బడిలో దుంపల బస్తాలు ఎవరు మోస్తన్నారు? మీ అన్నా?"

మూలనుంచి ఒక పొడుగాటి రైఫిల్ తీశాడు. స్వీడన్ సైన్యం వాడి వదిలేసినది. పైచెక్కంతా గీతలు, చూపుకి వికారం. దాని గుండు సన్నం, ఆరున్నర మిల్లీమీటర్లు, కానీ పొడుగు. అందుకే తక్కువ మందుతో లోతుగా దిగుతుందనీ, ఆ దేశంలో గుర్రమంత దుప్పులు దీనికే పడతాయనీ చెప్పాడు. ఆమె చేతిని మోచేతి నుంచి వేలిదాకా కొలిచి, వెనక చెక్క రెండంగుళాలు కోసేశాడు. చివర మెత్తటి రబ్బరు దిండు బిగించాడు. ఆ బుడిపెకి తగలకుండా మడమ అంచుని ఆకురాయితో గంటసేపు అరగదీశాడు. చివరికి మైనం కలిపిన దూది ఇచ్చి చెవుల్లో పెట్టుకోమన్నాడు. సగం భయం చప్పుడుదేనట.

అలా అని వెంటనే అడవికి పోనివ్వలేదు. వేసవంతా పిట్టల తుపాకీతో డబ్బాలు కొట్టించాడు. ఆగస్టులో పెద్దది చేతికిచ్చాడు, మధ్యమధ్య ఉత్త తూటాలు కలిపి. ఒక సాయంత్రం ఉత్త తూటా పడ్డప్పుడు గొట్టం వెంట్రుకవాసి కదల్లేదు. సాకరి కాఫీ పోసిచ్చాడు.

నవంబరు పదిహేను వచ్చింది. పడిన జింకను లాగడానికి ఇద్దరుండాలి కాబట్టి, వైనో బతిమాలితే టౌనో తోడు వచ్చాడు. దారి పొడుగునా ఆమె తుపాకీని చీపురుకట్ట అన్నాడు. జింక దానికి చావదనీ, నవ్వి నవ్వి చస్తుందనీ అన్నాడు. ఆమె చేతిబండి తాడు పట్టుకుని వెనక నడిచింది.

పొద్దెక్కాక దేవదారుల బురద అంచున కొమ్ములకి పది కొనలున్న పోతు జింక బయటికొచ్చింది. మెడ దున్నపోతు మెడంత ఉంది, ఆడజింక కోసం పిచ్చెక్కి తిరిగే కాలం. టౌనో మాగ్నమ్ పేలింది. పోతు కుప్పకూలింది. అతను తుపాకీని చెట్టుకి ఆనించి, కత్తి తీసుకుని, ఈల వేస్తూ పోయి కొమ్ము పట్టుకున్నాడు.

గుండు వెన్ను పైన ఒరుసుకుపోయిందంతే. స్పృహ తప్పిన పోతు కళ్ళు తెరిచింది. ఒక్క ఊపుతో లేచి అతణ్ణి పడిపోయిన మొద్దుకేసి కొట్టింది. టౌనో రెండు చేతులా కొమ్ములు పట్టుకున్నాడు, అయినా అది మెడ తిప్పి తిప్పి కుమ్ముతోంది. ఒక కొమ్ము కొన అతని తొడ లోపలివైపు దిగింది. బయటికి లాగి మళ్ళీ దింపింది. మంచు మీద నెత్తురు చిమ్మింది. అంత మనిషీ ఆడపిల్లలా అరిచాడు.

హిల్యా ముప్పై అడుగుల దూరంలో ఉంది. పోతూ మనిషీ ఒకరిలో ఒకరు దూరి గిలగిల తిరుగుతున్నారు. తుపాకీ భుజానికి ఎక్కింది. ఆ క్షణాన ఆమెకి కంకరగొయ్యి గుర్తొచ్చిందా అని తర్వాత వైనో అడిగాడు. ఏదీ గుర్తు రాలేదంది. ముంగాలి వెనక వెంట్రుకల మీద బురద అంటిన మచ్చ ఒకటి కనబడిందట, అదొక్కటే. అది తన వైపు తిరిగేదాకా ఆగింది. అన్న అరుస్తున్నాడు, ఆమె ఆగింది. తిరిగింది. కాల్చింది. పోతు మరో రెండు కుమ్ములు కుమ్మింది. రెండో గుండు మెడలో దిగింది. అది టౌనో మీదే పడి, కాళ్ళు తన్నుకుంటూ, అతని మొహం మీద నెత్తురు కక్కి చచ్చింది.

హిల్యా తన తుపాకీ తోలుపట్టీ ఊడదీసి, అతని తొడ మొదట్లో వేసి, కర్రతో మెలితిప్పింది. జింక కోసం తెచ్చిన బండి మీద అన్నని పడుకోబెట్టి, తాడు తన మంచి భుజానికి వేసుకుని మైలు దూరం లాగింది. సగం దారిలో టౌనో మూలుగు ఆపి మాట్లాడాడు.

"ఎవళ్ళకీ చెప్పకే. నేనే కత్తితో పొడిచి చంపానని చెప్తా."

"పట్టీ వదులవ్వకుండా పట్టుకో" అంది హిల్యా.

రోడ్డు మీద కలప లారీ మనిషి ఒకడు ఆగి ఇద్దరినీ ఎక్కించుకున్నాడు. దారంతా టౌనో జ్వరంలోలా వాగాడు, జరిగింది దాచలేకపోయాడు. ఆసుపత్రిలో ప్రాణం నిలబడింది గాని కాలు కర్రలా బిగుసుకుపోయింది.

హిల్యా ఎవరికీ చెప్పలేదు, వైనోకీ సాకరికీ తప్ప. క్రిస్మస్ ముందు సారాకొట్లో టౌనో కత్తి కథ చెబుతుంటే ఆ లారీ మనిషి నవ్వాడు. "నిన్ను జింక బండి మీద ఈడ్చుకొచ్చింది మీ చెల్లెలే కదరా" అన్నాడు. టౌనో బీరు జగ్గుతో అతని పళ్ళు నాలుగు రాల్చాడు. రెండు నెలలు జైల్లో పెట్టారు.

విడుదలైన రోజు తిన్నగా హిల్యా ఇంటికే వచ్చాడు. తలుపు తీయగానే, నువ్వే చాటించావంటూ చేతికర్ర ఎత్తి కొట్టాడు. కొట్టింది ఆ భుజం మీదే. కుర్చీలోంచి లేవబోయి వైనో నేల మీద పడిపోయాడు. రెండో దెబ్బకి ఎత్తిన కర్రని హిల్యా పట్టుకుంది. గుంజుకుంది. మోకాలి మీద వేసి విరిచి, పొయ్యిలో పడేసింది.

"నాన్న చేసిన పని నువ్వు మళ్ళీ చెయ్యకు. వెళ్ళు. నడిచే వెళ్ళు."

టౌనో బిగిసిన కాలు ఈడ్చుకుంటూ కంచె పట్టుకుని రోడ్డు మీద ఆపిన తన బండిదాకా పోయాడు. మంచులో రెండుసార్లు పడ్డాడు. కిటికీలోంచి చూస్తున్న హిల్యాకి పోయి లేపుదామని ఒకసారి అనిపించింది. లేపలేదు. వైనోని ఎత్తి కూర్చోబెట్టి, అతని చేతి మీద గీసుకున్న గాయాలు కడిగింది. భుజం వారం రోజులు నొప్పి పెట్టింది, ఎముక విరగలేదు.

తర్వాత ఇరవై రెండేళ్ళు ఆమె ఏటా వేటకి పోయింది. రెండో గుండు అవసరమైన జింకలు మూడో నాలుగో ఉంటాయంతే. అన్నాచెల్లెళ్ళు మళ్ళీ మాట్లాడుకోలేదు. ఊర్హో శవాన్ని దింపేటప్పుడు కూడా గోతికి ఈ పక్క ఒకరు, ఆ పక్క ఒకరు నిలబడ్డారు. కానీ టౌనో ఇక వేటాడలేడు. వాళ్ళింట్లోనూ తినే నోళ్ళున్నాయి. ఏటా నవంబరు ఆఖర్లో హిల్యా ఒక తొడ మాంసం తెల్లగుడ్డలో చుట్టి, వాళ్ళ పెరటి అరుగు మీద పెట్టి వచ్చేది. వదిన సెల్మా వారంలోగా ఆ గుడ్డని ఉతికి, ఇస్త్రీ చేసి, బడి వంటశాల కిటికీలో పెట్టి పోయేది. ఆ మాంసం ఎక్కణ్ణించి వచ్చిందని టౌనో ఏనాడూ అడగలేదట. రెండోసారి వడ్డించుకునేవాడని సెల్మా చెప్పింది.