కాగితంలో లేని మాటలు

ద్రహోమీరా చెకోస్లోవేకియాలోని బ్ర్నో నగరంలో, ట్రాముల్లో టికెట్లు తనిఖీ చేసే మనిషి. పన్నెండేళ్లుగా ప్రతి గురువారం డ్యూటీ దిగాక డిపో హాల్లో వేదికెక్కి, ప్రపంచంలో ఎవరికీ రాని భాషలో నలభై నిమిషాలు పాడేది, గొణిగేది, బుసకొట్టేది. ఆ భాష ఆమె సొంతం. ఒకసారి అన్న మాట రెండోసారి అనేది కాదు. మెకానిక్కులు బీరు గ్లాసులతో వచ్చి వినేవారు. ఎందుకని అడిగితే వాళ్లూ చెప్పలేరు.

1974లో కమ్యూనిస్టు ప్రభుత్వం నుంచి ఉత్తర్వు వచ్చింది. వేదికెక్కే వాళ్లందరికీ మళ్లీ పరీక్ష. పాడేది టైపు చేసి, పక్కన చెక్ భాషలో అర్థం రాసి, పరీక్ష పెట్టే కమిటీకి ఇవ్వాలి. అనుమతి ముద్ర పడకపోతే వేదిక లేదు. వేదిక లేకపోతే ద్రహోమీరాకు మిగిలేది ట్రామెక్కిన వాళ్లతో తగువులే.

"అర్థం ఏం రాశావే?" అని అడిగింది హాలుకొచ్చిన వాళ్ల చలికోట్లు భద్రపరిచే వ్లాస్తా.

"చక్కెర దుంపల దిగుబడి గురించి."

"అమ్మ దొంగా! మరి పాడేటప్పుడో?"

"అప్పుడేం వస్తుందో నాకేం తెలుసు?"

ముద్ర పడింది. ఒక్కటే షరతు: కాగితంలో ఉన్నదే పలకాలి. కనిపెట్టి చూడడానికి కమిటీ హవ్రానెక్ అనే ఆయన్ని పంపింది. పాపం, చెడ్డవాడు కాదు. చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషి, వచ్చిన చిక్కల్లా అదే.

గురువారం ఆయన మొదటి వరుసలో పెన్సిలు చెక్కుకుని కూర్చున్నాడు. ద్రహోమీరా పది లైన్లు ఉన్నవి ఉన్నట్టు అప్పజెప్పింది. మెకానిక్కులు గ్లాసుల్లోకి చూసుకున్నారు. పదకొండో లైను దగ్గర ఆమెకు తన గొంతు మీద తనకే అసహ్యం వేసింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, నోటికొచ్చింది అందుకుంది. హాలు లేచి కూర్చుంది.

జనం వెళ్లాక హవ్రానెక్ దగ్గరికొచ్చాడు. "కామ్రేడ్, కాగితంలో లేనివి ఏవేవి అన్నారో రిపోర్టులో రాయాలి. మెల్లగా చెప్పండి."

"గుర్తులేవండీ."

"రాయకపోతే నా పీకమీదికొస్తుందమ్మా."

జాలిపడి చెప్పింది. అవి వేరేగా వచ్చాయి.

"ఇందాక అన్నవి ఇవి కావే!"

"కావు."

"మరోసారి ప్రయత్నించండి."

మళ్లీ వేరేగా వచ్చాయి. ఆయన రాయడం మానేశాడు. ఖాళీ హాల్లో కుర్చీ లాక్కుని చివరిదాకా విన్నాడు.

"ఇంకోసారి పాడతారా?" అన్నాడు.

"రిపోర్టుకేనా?" అంది వ్లాస్తా, చీపురు పట్టుకుని.

ఆయన పెన్సిలు జేబులో పెట్టుకున్నాడు.

రిపోర్టు మాత్రం నిజాయితీగానే రాశాడు. సోమవారానికి అనుమతి రద్దయింది. ద్రహోమీరా కోట్ల గదిలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"వాడి చేతులు పడిపోనూ," అంది వ్లాస్తా.

"అనకే," అంది ద్రహోమీరా ముక్కు తుడుచుకుంటూ. "పన్నెండేళ్లలో ఇంకోసారి పాడమన్నది వాడొక్కడే."