అంగుళానికి ఇన్ని గింజలు

మిల్లులో మా నేత మాస్టర్ జేబులో, బట్టలో పోగులు లెక్కపెట్టే చిన్న భూతద్దం ఉండేది. చేతికి చపాతీ ఇచ్చినా దాని కింద పెట్టి చూసేవాడు. ఆయనకు నచ్చిన బట్ట లోకంలో లేదు. నాకు ఆయనా నచ్చలేదు, లెక్క సరి.

లాక్‌డౌన్‌లో, పల్సానాలో మేం పనిచేసే ఆ మిల్లు ఆగింది. ఆఫీసు ముందు పచ్చిక పెంచితే మా ఇద్దరికీ అక్కడే గదీ తిండీ ఇస్తానన్నాడు మిల్లు ఓనరు సేఠ్. మాస్టర్‌కు హిందీ చదవడం రాదు కాబట్టి విత్తనాల సంచి మీద ఉన్నది నేనే చదివాను.

"అడుగు చోటుకి చిటికెడు చాలట, మాస్టర్."

"చిటికెడేస్తే దోమతెర అయితదిరా. గట్టి బట్ట గావాలె."

నేలమీద బోర్లా పడుకుని, అద్దం పెట్టి, అంగుళానికి ఇన్ని గింజలని లెక్కగట్టాడు. నేతలో పోయే వేస్టేజీ కూడా కలిపి, సంచి మొత్తం చల్లించాడు.

గడ్డి తివాచీలా లేచింది. వీడియో కాల్‌లో ఊరందరికీ చూపించుకున్నాడు. తర్వాత పోచలు ఒకదాన్నొకటి తొక్కుకుని, ఊపిరాడక కుళ్లిపోయాయి.

సేఠ్ అడిగితే, నీళ్లు ఎక్కువ పోసింది ఈ పోరడేనని హిందీలో చెప్పాడు. ఆయన నోట అంత శుభ్రమైన హిందీ అదే మొదటిసారి విన్నాను.

సేఠ్ నన్ను వెళ్లగొట్టాడు; సాయంత్రానికి లింబాయత్ కూలీల బస్తీలో మా మామ గదిలో ఇరుక్కున్నాను. అక్కడ మనుషులు మాత్రం అంగుళానికి సరిగ్గా మాస్టర్ లెక్క ప్రకారమే ఉన్నారు.

కొన్నాళ్లకు మాస్టర్ ఫోన్ చేశాడు.

"సేఠ్ మల్ల ఎయ్యమంటుండురా. ఆ సంచి మీద ఏం రాసుండెనో జర చెప్పరాదు?"

"నీళ్లు తక్కువ పొయ్యమని రాసుండె, మాస్టర్."