గంపలో రెండు కుక్కపిల్లలు

నిజాం రోజుల మాట. ఆబిడ్స్ నుంచి టాంగాలో వచ్చి, నాంపల్లి స్టేషన్లో రైలు కోసం కూర్చున్నాను. ఒళ్ళో రెండేళ్ళ నా కొడుకు. చూసినవాళ్ళు ఏడాది పిల్లాడనుకునేవారు. నేను సరిగా పాలివ్వకే వాడు ఎదగలేదని మా అత్తగారు అనేవారు. నిజమేనేమోనన్న భయంతో నాకు ముద్ద దిగేది కాదు. నిద్రలో కూడా వాడి మణికట్టు తడిమి చూసుకునేదాన్ని.

పక్కన తలపాగా చుట్టుకున్న ఒక ముసలాయన. ఆయన గంపలో కార్వానీ వేటకుక్క పిల్లలు రెండు. ఒకటి రెండోదానిలో సగమే ఉంది.

"దీనికి పాలు చాల్లేదా తాతా?" అని అడిగాను.

"ఒక్క తల్లి పాలే తాగినయి బిడ్డా, కడుపునిండ. దీని నాయనమ్మ గింతనే ఉండె. గా ఎముకనే దీనికొచ్చింది."

చిన్నదాని ముంగాలు కీలు దగ్గర నొక్కి చూపించాడు. తరువాత అడగకుండానే మావాడి మణికట్టునూ అలాగే నొక్కి చూసి వదిలేశాడు. రైలు వచ్చింది. నా భయం నాతోనే ఎక్కింది.

ఇంటికి చేరిన మర్నాడు, "పిలగానికి కడుపునిండ పాలియ్యలే నువ్వు" అంటూనే మా అత్తగారు, అల్మారీలో చక్కెర డబ్బా అందక పీట లాక్కుని ఎక్కారు.

నేను కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆ పీట అక్కడే ఉంది. మావాడి నాయనమ్మ దాన్ని ఎక్కడం నేను నిజంగా చూసింది మాత్రం ఆ రోజే.